డ్రైవర్ పెట్టిన ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీ పరిమితి ఎందుకు నిలవడం లేదు?

చెరువుగట్టు_భీమవరం:

అందరికీ నమస్కారం. భీమవరం దగ్గర మా రొయ్యల చెరువుల గట్ల మీద రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులు పెట్టాము. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, నీటి వేడిని సెన్సార్లతో చదువుతూ, చెక్ ట్రేలలో మిగిలిన మేతను కెమెరాతో గమనిస్తూ ఉంటాము. కరెంటు ఉన్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు. కరెంటు పోయినప్పుడు మాత్రం బోర్డు బ్యాటరీ మీద నడవాలి, జనరేటరు అందుకున్నాక ఏరేటర్లను మళ్లీ తిప్పే రిలేలకు కూడా ఆ బ్యాటరీయే ఆధారం. రాత్రిపూట ఏరేటర్లు ఆగిపోయి ఆలస్యమైతే రొయ్య తేలిపోతుందని ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. అందుకే బ్యాటరీ మీదికి వెళ్లగానే ప్రాసెసర్ 1.5 గిగాహెర్ట్జ్ వరకు ఎగబాకకుండా 1 గిగాహెర్ట్జ్ దగ్గర ఆపాలన్నది మా ఆలోచన.

బోర్డు పెట్టెలతో పాటు సరఫరాదారు ఒక చిన్న డ్రైవర్ ఇచ్చారు, అది లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) లోపల నడుస్తుంది. కరెంటు పోయిందని ఒక జీపీఐఓ పిన్ (బయటి సంకేతం అందుకునే పిన్) చెప్పగానే ఆ డ్రైవర్ సీపీయూఫ్రీక్ (ప్రాసెసర్ వేగాన్ని చూసే కెర్నల్ భాగం) పాలసీ నిర్మాణంలోని, అంటే ప్రాసెసర్ వేగపు హద్దులు ఉండే రికార్డులోని, మ్యాక్స్ గడిలో నేరుగా 1000000 (కిలోహెర్ట్జ్‌లలో, అంటే 1 గిగాహెర్ట్జ్) అని రాస్తుంది. రాసిన వెంటనే స్కేలింగ్_మ్యాక్స్_ఫ్రీక్ ఫైలు చదివితే 1000000 అనే కనిపిస్తుంది. అయితే హద్దుల లోపల వేగం ఎంత ఉండాలో నిర్ణయించే విధానాన్ని గవర్నర్ అంటారు; కెమెరా ప్రోగ్రామ్ ఫొటో తీసే ముందు గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌కు మార్చి, తీశాక తిరిగి ఆన్‌డిమాండ్‌కు మారుస్తుంది. అది జరిగిన మరుక్షణం అదే ఫైలు 1500000 చూపిస్తోంది. డ్రైవర్ ఏ లోపమూ నమోదు చేయదు, లాగ్‌లో ఒక్క వాక్యం కూడా ఉండదు. ఇలా ఎందుకు జరుగుతోంది? డ్రైవర్ నుంచి పరిమితి పెట్టడానికి సరైన మార్గం ఏమిటో తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

కాకినాడ_కెర్నల్:

మీరు చూసిన ప్రవర్తనలో కెర్నల్ తప్పేమీ లేదండి, అది అలాగే ప్రవర్తించాలి. పాలసీ నిర్మాణంలోని మిన్, మ్యాక్స్ గడులు ఎవరైనా వచ్చి విలువ రాసిపోయే చోటు కావు. అవి ఒక లెక్క ఫలితం. ఆ లెక్కను సీపీయూఫ్రీక్ కోర్ (ప్రాసెసర్ కోర్ కాదు, సీపీయూఫ్రీక్ మూల కోడ్) ఎప్పటికప్పుడు మొదటి నుంచి కడుతుంది: గవర్నర్ మారినప్పుడు, ఎవరైనా కొత్త పరిమితి కోరినప్పుడు, పాత పరిమితిని వెనక్కి తీసుకున్నప్పుడు. కట్టిన ప్రతిసారీ తన దగ్గర నమోదైన అభ్యర్థనలను మాత్రమే చూస్తుంది. మీ డ్రైవర్ రాసిన 1000000 ఆ పట్టికలో ఎక్కడా లేదు కనుక కెమెరా ప్రోగ్రామ్ గవర్నర్‌ను మార్చగానే కోర్ మళ్లీ లెక్క కట్టి, అభ్యర్థన ఏదీ కనిపించక, హార్డ్‌వేర్ గరిష్ఠమైన 1500000ను తిరిగి పెట్టింది.

పాత కెర్నల్‌లో ఇది వేరే విధంగా ఉండేది. పాలసీ మారబోతున్నప్పుడు కోర్ నోటిఫయర్ (మార్పు వార్తను వినాలనుకున్నవారికి చేరవేసే ఏర్పాటు) ద్వారా అందరినీ అడిగేది, పరిమితి కావలసిన డ్రైవర్ ఆ పిలుపులో తన హద్దును కలిపేది. 2019లో వచ్చిన 5.3 వెర్షన్‌లో ఆ పద్ధతి స్థానంలో పవర్ మేనేజ్‌మెంట్ క్యూఓఎస్ (ఎవరికి ఏ హద్దు కావాలో అభ్యర్థనలుగా నమోదు చేసే ఏర్పాటు) వచ్చింది. 5.4 నాటికి ఫ్రీక్వెన్సీ కోసమే ప్రత్యేకమైన ఫ్రీక్ క్యూఓఎస్ ఏర్పడి, పాత సర్దుబాటు నోటిఫయర్‌ను తొలగించారు. మీ సరఫరాదారు డ్రైవర్ పాతదాన్నీ వాడలేదు, కొత్తదాన్నీ వాడలేదు.

కొత్త పద్ధతి సారాంశం ఇది. పరిమితి కావలసిన ప్రతి ఒక్కరూ తమ పేరున ఒక అభ్యర్థన నమోదు చేసుకుంటారు. గరిష్ఠ పరిమితుల్లో అన్నిటికంటే చిన్నది, కనిష్ఠ పరిమితుల్లో అన్నిటికంటే పెద్దది నెగ్గుతాయి. వేడిని చూసే కూలింగ్ భాగం 1200000 అంటే, మీ బ్యాటరీ డ్రైవర్ 1000000 అంటే, యూజర్ 1400000 అని రాస్తే, నడిచేది 1000000. కరెంటు వచ్చి మీరు మీ అభ్యర్థనను సడలిస్తే 1200000 అవుతుంది. ఇందులో ఎవరూ మరొకరి విలువను గుర్తుపెట్టుకుని తిరిగి పెట్టనక్కరలేదు. పరిమితి పెట్టే ముందు పాత విలువను దాచుకుని, పని అయ్యాక దాన్ని మళ్లీ రాసే డ్రైవర్లను నేను చాలా చూశాను. మధ్యలో ఇంకొకరు తమ పరిమితి మార్చి ఉంటే ఆ మార్పును అవి తుడిచేస్తాయి.

గోదావరి కాలువల మీద బతికేవారికి దీన్ని ఒక్క మాటలో చెప్పవచ్చు. విజ్జేశ్వరం హెడ్ దగ్గర ఎంత వదిలినా, మధ్యలో ఏ లాకు దగ్గర ఎంత బిగించినా, శివారు పొలానికి అందేది అన్నిటికంటే ఎక్కువగా బిగించిన చోటు ఒప్పుకున్నంతే.

చేయవలసినది: ఫ్రీక్_క్యూఓఎస్_యాడ్_రిక్వెస్ట్ ఫంక్షన్‌కు పాలసీలోని కన్‌స్ట్రెయింట్స్, మీ సొంత అభ్యర్థన రికార్డు, గరిష్ఠమా కనిష్ఠమా అన్న రకం, విలువ ఇవ్వండి. మామూలు సమయంలో విలువగా పరిమితి లేదని తెలిపే డిఫాల్ట్‌ను ఉంచి, కరెంటు పోయినప్పుడు అప్‌డేట్ ఫంక్షన్‌తో 1000000కు దించండి. అభ్యర్థన రికార్డు మీ డ్రైవర్ డేటాలో శాశ్వతంగా ఉండాలి, ఫంక్షన్ ముగియగానే పోయే తాత్కాలిక మెమరీ అయిన స్టాక్ మీద ఉండకూడదు. ఎందుకంటే కోర్ దాన్ని తన జాబితాలో ముడివేసుకుంటుంది.

పాలకొల్లు_విద్యార్థిని:

వివరణకు ధన్యవాదాలండి. నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఇదే భాగం చదువుతున్నాను, అందువల్ల కొన్ని సందేహాలు అడుగుతాను. కనిష్ఠం 1200000 కావాలని ఒకరు, గరిష్ఠం 1000000 దాటకూడదని మరొకరు అడిగితే కెర్నల్ ఎవరి మాట వింటుంది? అలాగే అప్‌డేట్ ఫంక్షన్ ఒక్కోసారి 0, ఒక్కోసారి 1 తిరిగి ఇస్తోంది. కెర్నల్‌లో సాధారణంగా 0 అంటే విజయం అని నేర్చుకున్నాము. మరి 1 వచ్చినప్పుడు దాన్ని లోపంగా భావించాలా?

కాకినాడ_కెర్నల్:

రెండో సందేహం ముందు చూద్దామండి, అది చిన్నది. 1 వస్తే మీ అభ్యర్థన వల్ల మొత్తం పరిమితి నిజంగా మారిందని అర్థం. 0 వస్తే అభ్యర్థన నమోదైంది గాని, మరెవరో అంతకంటే గట్టి పరిమితి పెట్టి ఉన్నందున ఫలితం మారలేదని అర్థం. రుణ సంఖ్య వస్తేనే లోపం. సున్నా కానిదంతా లోపమని పరీక్షించే డ్రైవర్, పరిమితి చక్కగా పనిచేసిన సందర్భంలోనే విఫలమైనట్లు నటించి వెనక్కి తగ్గుతుంది. సమీక్షల్లో నేను మొదట వెతికే చోటు ఇదే.

మొదటి సందేహానికి సూటి సమాధానం: గరిష్ఠమే నెగ్గుతుంది. కనిష్ఠం గరిష్ఠాన్ని మించితే కోర్ కనిష్ఠాన్ని గరిష్ఠం స్థాయికి దించేస్తుంది. ఇది న్యాయమైన నిర్ణయమని నా అభిప్రాయం. కనిష్ఠం అడిగేవాడు వేగం కోరుతున్నాడు, గరిష్ఠం అడిగేవాడు సాధారణంగా వేడినో విద్యుత్తునో కాపాడుతున్నాడు. వేగం తగ్గితే పని ఆలస్యమవుతుంది, వేడి మీరితే బోర్డు ఆగిపోతుంది.

అయితే ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, చాలామందికి తెలియదు. ఫ్రీక్వెన్సీ పట్టిక (ప్రాసెసర్ నడవగల వేగాల జాబితా) వాడే డ్రైవర్లలో హద్దుల మధ్య కనీసం ఒక్క పట్టిక విలువైనా ఉండేలా కోర్ చూసుకుంటుంది. రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు 1.5 గిగాహెర్ట్జ్ వరకు నడిచేదైతే పట్టిక 600000 నుంచి 100000 చొప్పున 1500000 వరకు పోతుంది. మీరు గరిష్ఠంగా 1050000 అడిగారనుకోండి. వేరే అభ్యర్థన ఏదీ లేకపోతే ప్రాసెసర్ 1000000 దాటదు, అంతా బాగుంటుంది. అదే సమయంలో మరొకరు కనిష్ఠంగా 1200000 కోరి ఉంటే, కోర్ ముందు ఆ కనిష్ఠాన్ని 1050000కు దించుతుంది. అప్పుడు రెండు హద్దులూ 1050000 అవుతాయి, ఆ ఒక్క బిందువు మీద పట్టికలో ఏ విలువా లేదు. ఏ విలువా దొరకనప్పుడు కోర్ గరిష్ఠాన్ని పట్టికలో ఆ పైనున్న విలువకు, అంటే 1100000కు పెంచుతుంది. మీరు పెట్టిన పైహద్దును ప్రాసెసర్ దాటినట్లయింది. అందుచేత రక్షణ కోసం పెట్టే పరిమితిని ఎప్పుడూ పట్టికలో ఉన్న విలువగానే ఇవ్వాలి. ఏదో ఒక శాతం లెక్కకట్టి వచ్చిన సంఖ్యను అలాగే ఇవ్వకూడదు. ఇక పట్టికలో అట్టడుగు విలువ కంటే తక్కువ అడిగితే, 550000 అనుకుందాం, 600000 దగ్గర ఆగుతుంది.

రాజోలు_హార్డ్‌వేర్:

కెర్నల్ వైపు విషయం చక్కగా వచ్చింది. నేను బోర్డు వైపు నుంచి ఒక సంగతి కలుపుతాను, ఎందుకంటే భీమవరం మిత్రుని సమస్యలో సగం అక్కడే ఉందని నా అనుమానం.

పరిమితి పెట్టేవారిలో కెర్నల్‌కు కనిపించనివారు కూడా ఉంటారు. రాస్ప్‌బెర్రీ పైలో ప్రాసెసర్ వేగాన్ని నడిపే గడియారం మీద చివరి మాట బోర్డులోనే ఉండి కెర్నల్ కింద నడిచే ఫర్మ్‌వేర్‌ది. చిప్ వేడి 80 డిగ్రీలు దాటితే ఫర్మ్‌వేర్ తానే ఆర్మ్ కోర్ల (ప్రాసెసర్ కోర్ల) వేగాన్ని క్రమంగా తగ్గిస్తుంది. 85కు చేరితే గ్రాఫిక్స్ భాగాన్ని కూడా తగ్గిస్తుంది. 5 వోల్టుల సరఫరా సుమారు 4.63 వోల్టుల కిందికి పడితే తక్కువ వోల్టేజీ హెచ్చరిక ఇస్తుంది. ఇదంతా జరుగుతున్నా స్కేలింగ్_కర్_ఫ్రీక్ ఫైలు మాత్రం కెర్నల్ అడిగిన వేగాన్నే, ఉదాహరణకు 1500000నే చూపిస్తూ ఉండవచ్చు. కెర్నల్ అడిగినది వేరు, చిప్ ఇచ్చినది వేరు.

నిజం తెలుసుకోవడానికి వీసీజెన్‌కమాండ్ పనిముట్టులో రెండు ఆదేశాలున్నాయి. మెజర్_క్లాక్ ఆర్మ్ అంటే నిజంగా కొలిచిన వేగం హెర్ట్జ్‌లలో వస్తుంది. గెట్_త్రాటిల్డ్ అంటే ఒక హెక్సాడెసిమల్ సంఖ్య వస్తుంది. అందులో 0వ బిట్ ప్రస్తుతం వోల్టేజీ తక్కువగా ఉందని, 1వ బిట్ ఆర్మ్ ఫ్రీక్వెన్సీకి పైహద్దు పడిందని, 2వ బిట్ ప్రస్తుతం వేగం తగ్గించబడిందని, 3వ బిట్ మృదువైన వేడి పరిమితి అమలులో ఉందని చెబుతాయి. 16 నుంచి 19 వరకు బిట్లు అవే సంగతులు బోర్డు మొదలైన తరువాత ఎప్పుడైనా జరిగాయా అన్నది చెబుతాయి. 0ఎక్స్50005 అని వస్తే వోల్టేజీ ఇప్పుడూ తక్కువగా ఉంది, ఇప్పుడూ వేగం తగ్గి ఉంది, రెండూ ఇంతకుముందూ జరిగాయి అని చదువుకోవాలి.

చెరువు గట్టు మీద రేకు పెట్టెలో, రోహిణి కార్తె ఎండలో, గాలి ఆడని చోట పెట్టిన బోర్డు పరిస్థితి ఊహించుకోవచ్చు. పైగా ఉప్పుగాలికి కనెక్టర్ల మీద చిలుము పట్టి వోల్టేజీ పడిపోతుంది. కెర్నల్ పరిమితి సరిచేసే ముందు మీ బోర్డులో గెట్_త్రాటిల్డ్ ఏమంటోందో చూసి ఇక్కడ రాయండి. ఫర్మ్‌వేర్ ముందే వేగం తగ్గిస్తున్నట్లయితే, మీ డ్రైవర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో ఆ కొలతల నుంచి తేల్చలేరు.

తణుకు_ల్యాబ్:

ఫర్మ్‌వేర్ పరిమితి ప్రస్తావన వచ్చింది కనుక ఎక్స్86 యంత్రాల (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల కంప్యూటర్ల) వైపు కూడా చెబుతాను, మా కళాశాల ల్యాబ్‌లో అవే ఉన్నాయి. అక్కడ ఫర్మ్‌వేర్ తన పరిమితిని కెర్నల్‌కు చెప్పే ఏర్పాటు ఏసీపీఐ అనే ప్రమాణంలో ఉంది. పీఎస్ఎస్ అనే పట్టికలో ప్రాసెసర్ పనితీరు స్థాయిలు ఉంటాయి. పీపీసీ అనేది ప్రస్తుతం అనుమతించిన అత్యున్నత స్థాయి ఎన్నోదో చెబుతుంది. 0 అంటే మొదటి స్థాయి, అంటే పరిమితి లేదని. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి వెళ్లినప్పుడో, అడాప్టర్ శక్తి చాలనప్పుడో ఫర్మ్‌వేర్ ఈ సంఖ్యను పెంచి కెర్నల్‌కు సూచన పంపుతుంది. కెర్నల్ ఆ స్థాయికి సరిపడే ఫ్రీక్వెన్సీని తన క్యూఓఎస్ అభ్యర్థనగా నమోదు చేస్తుంది. బయోస్_లిమిట్ అనే ఫైలులో దాన్ని చూడవచ్చు.

ఇక్కడే చాలా ఏళ్లుగా ఒక చిక్కు దాగి ఉండేది. పీపీసీ 0 ఇచ్చినప్పుడు కూడా కెర్నల్ పట్టికలోని మొదటి వరుస ఫ్రీక్వెన్సీనే పరిమితిగా రాసేది. పట్టికలోని మొదటి వరుస టర్బో వేగాన్ని (మామూలు వేగానికి మించి తాత్కాలికంగా ఎక్కే వేగాన్ని) పూర్తిగా సూచించని యంత్రాలలో, ఒక కోర్‌ను ఆఫ్‌లైన్ చేసి మళ్లీ ఆన్‌లైన్ చేస్తే, పరిమితి ఏదీ లేనట్టే లెక్కించవలసిన చోట ఆ ప్రాసెసర్ కోర్ మొదటి వరుస వేగం దగ్గర ఇరుక్కుపోయేది. 6.2 కెర్నల్ కాలంలో దీన్ని సరిచేశారు. పీపీసీ 0 అయితే అభ్యర్థనను పరిమితి లేదు అనే విలువకే మార్చుతారు. పరిమితి లేకపోవడాన్ని ఒక పెద్ద ఫ్రీక్వెన్సీగా రాయడం, పరిమితి లేదని స్పష్టంగా రాయడం ఒకటి కావని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. భీమవరం వారు కూడా కరెంటు తిరిగి వచ్చినప్పుడు 1500000 అని రాయకుండా, కాకినాడ వారు చెప్పిన డిఫాల్ట్ విలువనే పెట్టాలి. రేపు 1.8 గిగాహెర్ట్జ్ నడిచే బోర్డు మీద ఇదే డ్రైవర్ వేస్తే 1500000 అనేది తెలియకుండానే పరిమితి అయిపోతుంది.

ఫర్మ్‌వేర్ ఇచ్చే పీపీసీని లెక్కచేయకుండా ఉండే బూట్ ఐచ్ఛికం ఒకటి ఉంది. వేగం తగ్గిందని దాన్ని వాడమని సలహాలు విరివిగా కనిపిస్తాయి. అడాప్టర్ శక్తి చాలక ఫర్మ్‌వేర్ పరిమితి పెట్టిన యంత్రంలో అది వాడితే యంత్రం ఉన్నట్టుండి ఆరిపోవచ్చు. కారణం తెలిసేవరకు దాని జోలికి పోవద్దని మా విద్యార్థులకు గట్టిగా చెబుతాను.

అమలాపురం_ఎంబెడెడ్:

నేను డ్రైవర్ రాతలో తప్పిపోయే చోట్లు చెబుతాను. అన్నిటికంటే ముందు యూనిట్లు. సీపీయూఫ్రీక్ లెక్క కిలోహెర్ట్జ్‌లలో, ఓపీపీ పట్టికలు (చిప్ నడవగల వేగాల, వోల్టేజీల జాబితాలు), గడియారాలను నడిపే క్లాక్ ఫ్రేమ్‌వర్క్ హెర్ట్జ్‌లలో, ఏసీపీఐ పట్టిక మెగాహెర్ట్జ్‌లలో ఉంటాయి. ఓపీపీ నుంచి తీసుకున్న విలువను 1000తో భాగించకుండా క్యూఓఎస్‌కు ఇచ్చారనుకోండి. 1000000000 అనే సంఖ్యను అది కిలోహెర్ట్జ్‌లుగా భావిస్తుంది, అంటే ఏ ప్రాసెసరూ చేరలేని వేగం. లోపం ఏదీ రాదు, అభ్యర్థన నమోదవుతుంది, పరిమితి మాత్రం ఉండదు. అదే 2.4 గిగాహెర్ట్జ్ బోర్డు మీద 2400000000 అయితే ధన, రుణ విలువలు రెండూ పట్టే 32 బిట్ల సంఖ్య గరిష్ఠమైన 2147483647ను మించి రుణ సంఖ్యగా మారిపోతుంది. రుణ విలువలను ఇటీవలి కెర్నళ్లు తిరస్కరిస్తాయి. నిదానమైన బోర్డు మీద నిశ్శబ్దంగా దాటిపోయి, వేగమైన బోర్డు మీద మాత్రమే బయటపడే పొరపాటు ఇది.

తరువాతిది ఇంటరప్ట్, అంటే పిన్ మారగానే చేస్తున్న పని ఆపి కెర్నల్ స్పందించే ఏర్పాటు. క్యూఓఎస్ అప్‌డేట్ ఫంక్షన్ నిద్రపోయే (మరొకటి పూర్తయ్యేవరకు ఆగిపోయే) అవకాశం ఉన్నది. అది బ్లాకింగ్ నోటిఫయర్ వరుసను నడుపుతుంది. జీపీఐఓ ఇంటరప్ట్ హ్యాండ్లర్ నుంచి దాన్ని నేరుగా పిలవకూడదు. థ్రెడెడ్ ఇంటరప్ట్ వాడండి, లేదా పనిని వర్క్‌క్యూకు (తరువాత చేయవలసిన పనుల వరుసకు) అప్పగించండి. మన ఊళ్లలో కరెంటు పోయేటప్పుడు ఒక్కసారిగా పోదు, రెండు మూడుసార్లు వచ్చి పోతుంది. ప్రతి మినుకుకూ పరిమితి మార్చకుండా, ఆలస్యపు వర్క్ వాడి, కొత్త ఇంటరప్ట్ వచ్చిన ప్రతిసారీ గడువును ముందుకు జరపండి. గడువు తీరాక పిన్ స్థితిని మళ్లీ చదివి, అప్పటి స్థితిని బట్టే నిర్ణయించండి. ఇంటరప్ట్ వచ్చినప్పుడు ఉన్న స్థితిని దాచుకుని దాని మీద ఆధారపడితే తలకిందులవుతుంది. బ్యాటరీ మీదికి వెళ్లేటప్పుడు గడువు తక్కువగా, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువగా ఉంచడం మంచిదని నా అభిప్రాయం.

అప్‌డేట్ ఫంక్షన్ తిరిగి వచ్చినంత మాత్రాన వేగం తగ్గిపోయిందని అనుకోకండి. నోటిఫయర్ అందుకున్న సీపీయూఫ్రీక్ కోర్ పాలసీ మార్పును వర్క్‌గా పెట్టి వెళ్లిపోతుంది. అసలు మార్పు ఆ తరువాత జరుగుతుంది. వెంటనే ఒక రిలేను బిగించాలి, అంతలోపు విద్యుత్ వాడకం తగ్గి ఉండాలి అనే క్రమం మీ పెట్టెలో ఉంటే ఈ వ్యవధిని లెక్కలోకి తీసుకోండి.

మొదలయ్యే క్రమం కూడా ముఖ్యమే. మీ డ్రైవర్ మొదలైన సమయానికి సీపీయూఫ్రీక్ డ్రైవర్ ఇంకా రాకపోతే పాలసీ దొరకదు. అప్పుడు వాయిదా వేయమనే సంకేతంతో ప్రోబ్ (డ్రైవర్‌ను మొదలుపెట్టే ఫంక్షన్) నుంచి తిరిగి రండి, కెర్నల్ తరువాత మళ్లీ పిలుస్తుంది. పాలసీ తీసుకున్న ప్రతిసారీ పని అయ్యాక విడిచిపెట్టాలి. మాడ్యూల్ తీసేసేటప్పుడు వర్క్‌ను రద్దుచేసి, ఆ తరువాత అభ్యర్థనను తొలగించండి. ఈ క్రమం తారుమారైతే తొలగించిన అభ్యర్థనను వర్క్ మళ్లీ మార్చబోతుంది. తొలగించడమే మరిచిపోతే విడుదలైన మెమరీ కోర్ జాబితాలో వేలాడుతూ ఉండి, ఎప్పుడో సంబంధం లేని చోట కెర్నల్ కూలిపోతుంది. పాలసీయే వచ్చిపోయే బోర్డులలో పాలసీ సృష్టి, తొలగింపు నోటిఫయర్లు వినాలి. పై 4లో నాలుగు కోర్లూ ఒకే గడియారం మీద, ఒకే పాలసీ కింద ఉంటాయి కనుక ఒక్క అభ్యర్థన చాలు. పెద్ద కోర్లు, చిన్న కోర్లు వేర్వేరుగా ఉన్న చిప్ అయితే పాలసీకి ఒకటి చొప్పున కావాలి.

తణుకు_ల్యాబ్:

అమలాపురం వారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. కాని ఇంత చిన్న అవసరానికి కెర్నల్ డ్రైవర్ ఎందుకని నా ప్రశ్న. పిన్‌ను యూజర్ ప్రోగ్రామ్ కూడా చదవగలదు. చదివి స్కేలింగ్_మ్యాక్స్_ఫ్రీక్ ఫైలులో 1000000 రాస్తే అదీ క్యూఓఎస్ అభ్యర్థనగానే నమోదవుతుంది, గవర్నర్ మారినా పోదు. మెయిన్‌లైన్ (అధికారిక) కెర్నల్‌లో లేని డ్రైవర్‌ను ప్రతి కొత్త వెర్షన్‌కూ సరిచూసుకుంటూ పోవడం చిన్న భారం కాదు.

కాకినాడ_కెర్నల్:

మంచి ప్రశ్న, దీనికి ఒకే సమాధానం లేదు. ఆ ఫైలులో రాసినది అభ్యర్థనే, నిజమే. అయితే పాలసీకి యూజర్ల అందరి తరఫున గరిష్ఠానికి ఒక్క అభ్యర్థనే ఉంటుంది. బ్యాటరీ ప్రోగ్రామ్ 1000000 రాసిన తరువాత మరొక సేవ 1500000 రాస్తే రెండోదే మిగులుతుంది, మొదటిదాని జాడ కూడా ఉండదు. పైగా ఆ ఫైలును చదివితే వచ్చేది మొత్తం లెక్క ఫలితమే. మీరు రాసిన విలువ అందులో కనిపించకపోవచ్చు. చదివి, దాచుకుని, తిరిగి రాసే స్క్రిప్టు వేరొకరి తాత్కాలిక పరిమితిని యూజర్ శాశ్వత పరిమితిగా మార్చేస్తుంది.

బోర్డు మీద ఆ ఫైలును తాకేది ఒకే ఒక ప్రోగ్రామ్ అని మీరు హామీ ఇవ్వగలిగితే యూజర్ వైపు పరిష్కారమే మేలు. భీమవరం వారి కెమెరా ప్రోగ్రామ్ గవర్నర్‌ను మార్చుతోంది కనుక, రేపు ఇదే ఫైలును కూడా తాకదని చెప్పలేము. ఏరేటర్ రిలేల బ్యాటరీ దీని మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఎవరూ పొరపాటున తుడిచేయలేని సొంత అభ్యర్థన ఉండాలని నేను కోరుకుంటాను. అందుకు డ్రైవరే సరైనది.

చెరువుగట్టు_భీమవరం:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు చెప్పిన పద్ధతిలో డ్రైవర్‌ను తిరిగి రాసి ఒక గట్టు మీద బోర్డులో వేశాము. మెయిన్ ఆపి చూస్తే స్కేలింగ్_మ్యాక్స్_ఫ్రీక్ 1000000కు దిగింది. ఆ స్థితిలో కెమెరా ప్రోగ్రామ్ పెర్ఫార్మెన్స్‌కు మారినా 1000000 దగ్గరే నిలిచింది, ఆన్‌డిమాండ్‌కు తిరిగి వచ్చాకా నిలిచింది. ఫొటోను విశ్లేషించడానికి పట్టే సమయం పెరిగింది గాని మేత లెక్కకు ఆ ఆలస్యం అడ్డు కాదు.

రాజోలు వారు అడిగిన గెట్_త్రాటిల్డ్ విలువ 0ఎక్స్50000 వచ్చింది. అంటే పరీక్ష చేసిన సమయంలో ఏమీ లేదు, అంతకుముందు ఎప్పుడో వోల్టేజీ పడి, వేగం కూడా తగ్గింది. కెర్నల్ లాగ్‌లో కూడా తక్కువ వోల్టేజీ గుర్తించినట్లు వరుసలు కనిపించాయి. అవి జనరేటరు మీదికి మారే సమయాలతో సరిపోతున్నాయి.

రాజోలు_హార్డ్‌వేర్:

సరిపోయింది. ఆ వోల్టేజీ పతనం కెర్నల్ పరిమితితో తీరదండి. 5 వోల్టుల కన్వర్టర్ నుంచి బోర్డు వరకు వెళ్లే తీగ పొడవు తగ్గించి, మందం పెంచండి. బోర్డు పిన్ల దగ్గరే మల్టీమీటరు పెట్టి, కెమెరా పనిచేస్తున్నప్పుడు కొలవండి. కన్వర్టర్ చివర కొలిస్తే 5.1 కనిపించి మోసపోతారు. దించిన పరిమితి వల్ల బ్యాటరీ మీద ఉన్నప్పుడు కరెంటు లాగడం తగ్గుతుంది కనుక పతనం కొంత తగ్గవచ్చు, కాని మెయిన్ మీద ఉన్నప్పుడు వేగం పూర్తిగా ఉంటుంది, అప్పుడే తీగ నాణ్యత బయటపడుతుంది.

పాలకొల్లు_విద్యార్థిని:

ఒక చివరి సందేహమండి. స్కేలింగ్_మ్యాక్స్_ఫ్రీక్ 1000000 చూపించడం కాకుండా, పరిమితి అమలులో ఉన్నంతసేపూ ప్రాసెసర్ దాన్ని ఒక్క క్షణం కూడా దాటలేదని ఎలా నిరూపించాలి? ప్రాజెక్టు నివేదికలో దాన్ని చూపించాలి.

అమలాపురం_ఎంబెడెడ్:

కెర్నల్‌లో గణాంకాల ఐచ్ఛికం ఉంటే పాలసీ ఫోల్డరులో స్టాట్స్ కింద టైమ్_ఇన్_స్టేట్ అనే ఫైలు ఉంటుంది. అందులో ప్రతి ఫ్రీక్వెన్సీ పక్కన అక్కడ గడిపిన సమయం 10 మిల్లీసెకన్ల యూనిట్లలో ఉంటుంది. పరిమితి అమలైందని నిర్ధారించుకున్నాక ఆ ఫైలును ఒకసారి భద్రపరచండి. నాలుగు కోర్లకూ పూర్తి భారం పెట్టి, మధ్యలో గవర్నర్‌ను చాలాసార్లు మార్చండి, ఒక కోర్‌ను ఆఫ్‌లైన్ చేసి తిరిగి తీసుకురండి, స్కేలింగ్_మిన్_ఫ్రీక్‌లో 1200000 రాసి చూడండి. చివర మళ్లీ ఫైలు తీసి పోల్చితే 1100000 నుంచి 1500000 వరకు ఉన్న వరుసల్లో ఒక్క అంకె కూడా పెరిగి ఉండకూడదు.

ఇది కెర్నల్ అడిగిన వేగానికి రుజువు. చిప్ ఇచ్చిన వేగానికి, అదే వ్యవధిలో మెజర్_క్లాక్ విలువను క్రమం తప్పకుండా నమోదు చేసి పక్కన పెట్టండి. కొలతలో చిన్న తేడాలు ఉంటాయి కనుక 1000000000కు కాస్త అటూ ఇటూ వచ్చినా కంగారు పడనక్కరలేదు. మిన్ పరీక్షను మాత్రం వదలకండి. పట్టికలో లేని పరిమితి ఎవరైనా ఇచ్చి ఉంటే ఆ ఒక్క పరీక్షలోనే 1100000 వరుస కదులుతుంది.